ఊరికి పోయే పాత బండి: సంచిలో ఏముండాలె?

ఎండాకాలం సెలవులు వచ్చినయంటే మన షోలాపూర్ తూర్పు భాగంలో సగం ఇండ్లకు తాళాలు పడతయి. పెండ్లిళ్ళని, దేవర పండుగలని, పొలం పంచాయితీ అని కరీంనగర్ దిక్కు ఒకరు, నల్లగొండ దిక్కు ఒకరు, పాలమూరు దిక్కు ఒకరు బయలుదేరుతరు. మా కాలంలో రైలుకో బస్సుకో పోయేది. ఇప్పటి పిల్లలు బండి మీదనే పోతున్నరు. అది కూడా కొత్త బండి కాదు. నాయన నడిపిన యెజ్డీ, మామ ఇచ్చిన రాజ్‌దూత్, బజారులో ఏరి తెచ్చుకున్న ఆర్‌ఎక్స్ 100, పాత బుల్లెట్. "కాకా, హైదరాబాద్ దాకనే మూడు వందల కిలోమీటర్లు, ఏం సామాను పెట్టుకోవాలె?" అని ఈ నెలలో ముగ్గురు అడిగిండ్రు. ముగ్గురికీ కలిపి ఇక్కడ రాస్తున్న.

ముందు ఒక సంగతి. మైసూరు జావా ఫ్యాక్టరీ 1961లో మొదలయి 1996లో మూతపడ్డది. ఆర్‌ఎక్స్ 100 వచ్చింది 1985లో, ఆగింది 1996లో. ఇప్పుడు యెజ్డీ పేరుతో కొత్త బండ్లు వస్తున్నయి గాని వాటి సామాను పాతవాటికి పట్టదు. నల్దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగా పోయే రోడ్డులో మెకానిక్‌లు ఉంటరు, చెయ్యి తిరిగినోళ్ళే. కాని వాళ్ళ షాపులో ఉండేది ఇప్పుడు నడిచే బండ్ల సామాను. మన బండి సామాను మన సంచిలోనే ఉండాలె.

అట్లని బండంతా విప్పి సంచిలో పెట్టుకోలేం. నేను గిరణిలో జాబర్ పని చేసినోణ్ణి. జాబర్ పెట్టెలో సాంచా మొత్తం ఉండదు. రోజూ తెగేది, అరిగేది, ఊడేది ఉంటది. పికర్, తోలు పట్టీ, నాలుగు నట్లు, రెండు పానాలు. బండికీ అదే లెక్క. పిస్టన్ పట్టేసిందంటే రోడ్డు మీద ఎవరూ ఏమీ చేయలేరు. మనల్ని ఆపేవి అయిదు: కరెంటు, పెట్రోలు, కేబులు, టైరు, చైను. ఈ అయిదింటికి సరిపోయినంత సామాను చాలు.

కరెంటు. రెండు ప్లగ్గులు, ప్లగ్ పానా తప్పకుండా ఉండాలె. బండి ఆగితే ప్లగ్గు విప్పి, క్యాప్ తగిలించి, దాని ఇనుప భాగాన్ని ఇంజను తలకు ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టాలె, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటది. నీలి రంగు మెరుపు గట్టిగా వస్తే కరెంటు బాగున్నట్టు. రాకపోతే ఇంకో ప్లగ్గుతో చూడండి. టూ స్ట్రోక్ బండికి ఆయిలు మసి ప్లగ్గు నోట్లో అడ్డం పడితే చాలు, ఆగిపోతది. ప్లగ్గు మార్చినా మెరుపు లేకుంటే పాయింట్లు చూడాలె. పాయింట్లున్న బండికి ఒక సెట్టు పాయింట్లు, కండెన్సరు, చిన్న స్క్రూడ్రైవరు, సన్న పాలిష్ కాగితం ముక్క, ఫీలర్ గేజ్ పెట్టుకోండి. యెజ్డీకి పాయింట్లు విడినప్పుడు సందు 0.4 మిల్లీమీటర్లు. పాయింట్లు రుద్దినంక శుభ్రమైన కాగితం మధ్యలో పెట్టి లాగండి, పొడి మిగలొద్దు. రెండు గ్లాసు ఫ్యూజులు, ఒక హెడ్‌లైటు బల్బు కూడా.

పెట్రోలు. జానెడు పెట్రోలు పైపు, రెండు క్లిప్పులు. టూ స్ట్రోక్ బండికి ఆయిలు సీసా, కొలిచే మూత. పెట్రోల్లో ఆయిలు కలిపే బండి అయితే మాన్యువల్‌లో ఉన్న కొలతనే పొయ్యండి, కంటి అందాజు వద్దు. ఆయిలు తక్కువయితే పిస్టన్ పడుతది. బండి పది కిలోమీటర్లు నడిచి ఆగి, కొంచెం సేపయినంక మళ్ళీ నడుస్తుంటే ట్యాంకు మూత ఒకసారి తెరిచి చూడండి. మూతలో గాలి రంధ్రం మూసుకపోతే పెట్రోలు కిందికి దిగదు. జెట్టులో చెత్త పడితే పంపుతో గాలి కొట్టండి, ఇనుప తీగ పెట్టి గెలకొద్దు, రంధ్రం పెద్దదయితది.

కేబులు. క్లచ్చుది ఒకటి, యాక్సిలేటరుది ఒకటి. సంచిలో కంటే మంచి చోటు ఉన్నది. ఇప్పుడున్న కేబులు పక్కనే కొత్తది వరుసగా పరిచి, అక్కడక్కడ టేపు చుట్టి పెట్టండి. తెగిననాడు రెండు కొసలు తగిలిస్తే పది నిమిషాల పని. ట్యాంకు విప్పే పనుండదు.

టైరు. ముందుకొకటి వెనుకకొకటి ట్యూబు, రెండు టైరు లీవర్లు, పంపు, ప్యాచీలు, సొల్యూషన్. సొల్యూషన్ ఒకసారి తెరిస్తే లోపలే ఎండిపోతది, బయలుదేరే ముందు నొక్కి చూడండి. వెనుక చక్రం నట్టుకు పట్టే పెద్ద పానా మరిచిపోతరు చానామంది. అది లేకుంటే రెండు ట్యూబులున్నా లేనట్టే.

చైను. రెండు చైను లాకులు, ఒక ప్లయరు. లాకు పెట్టేటప్పుడు మూసి ఉన్న కొస చైను పోయే దిక్కుకు ఉండాలె. తిరగేసి పెడితే ఊడిపోతది.

వీటికి తోడు ఒక చుట్ట టేపు, కొంచెం బైండింగ్ తీగ, టార్చి, చేతులు తుడుచుకోను గిరణి వేస్టు గుడ్డ. పానాలు మీ బండికి పట్టేవే తీసుకపోండి. పాత బుల్లెట్‌కు కొన్ని నట్లు ఇంగ్లీషు సైజువి ఉంటయి. మిల్లీమీటరు పానా పెట్టి తిప్పితే మూలలు అరిగి ఎవరికీ రాకుండ అయితయి. అన్నీ ఒక పాత చద్దరు ముక్కలో చుట్టి క్యారియర్‌కు కట్టండి, చప్పుడు రాదు, రాసుకోవు.

ఇంకో మాట. కొత్త సామాను డబ్బాలో ఉన్నదని నమ్మకండి. డబ్బాలోంచి తీసిన కండెన్సరు మొదటి రోజే పనిచేయకపోవచ్చు. కొత్తది బండికి పెట్టి వారం రోజులు నడపండి. విప్పిన పాతది బాగుంటే అదే సంచిలో పెట్టుకోండి. పనిచేసిందని మనకు తెలిసిన సామానే రోడ్డు మీద ఆదుకుంటది.

రెండేండ్ల కింద మా గల్లీ పిల్లవాడికి రాత్రిపూట ఫోను వచ్చింది, ఊర్లో నాయన పోయిండని. పెద్దకొడుకు. తెల్లారకముందే భార్యను ఎక్కించుకుని పాత బండి మీద బయలుదేరిండు. హుమ్నాబాద్ దాటినంక క్లచ్ కేబులు తెగింది. సంచిలో మెరిసే పానాల సెట్టు మొత్తం ఉన్నది, కేబులు లేదు. షాపులు తెరిచినంక నాలుగు చోట్ల తిరిగిండు, ఏదీ పట్టలేదు. బండి అక్కడే ఒక హోటలు ముందర విడిచి, టెంపో పట్టుకుని, బస్సు మారి ఊరు చేరేసరికి పొద్దు గూకింది. తమ్ముడు కొరివి పెట్టిండు. అప్పటికి అంతా అయిపోయింది. వంద, రెండు వందల రూపాయల తీగ అది. పిల్లవాడు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే తల వంచుకుంటడు. అతణ్ణి తక్కువ చేయడానికి రాయలేదు, అతనే రాయమన్నడు.

అందుకే ఈ సామాను కొనుక్కుంటే సరిపోదు. ఒక ఆదివారం వాకిట్లో బండి నిలబెట్టి ప్లగ్గు మార్చండి, కేబులు మార్చండి, వెనుక చక్రం విప్పి ట్యూబు ఎక్కించండి. వాకిట్లో చేతకాని పని రోడ్డు మీద చీకట్లో ఎట్లయితది? ఇంటామెకు కూడా చూపించండి. బీడీలు చుట్టే వేళ్ళకు చైను లాకు ఒక లెక్క కాదు.

ఇంక అన్నిటికంటే ముఖ్యమైంది. బండి ఆగితే రోడ్డు మీద కూర్చుని విప్పకండి. తారు దిగి, వీలైనంత దూరం నెట్టుకపోండి. లారీలు వచ్చే దిక్కుకు మనిషి వీపు ఉండొద్దు. ఆడోళ్ళను, పిల్లలను బండి దగ్గర నిలబెట్టకుండ ఇంకా లోపలికి కూర్చోబెట్టండి. చీకటి పడుతుంటే అరగంట చూడండి. కాకపోతే ఏదైనా ధాబా దగ్గర బండికి తాళం వేసి బస్సు ఎక్కండి. జాతీయ రహదారి మీద సాయం కావాలంటే 1033, దెబ్బ తగిలితే 108. ఇవి ఫోన్లో ఉండడమే కాదు, కాగితం మీద రాసి సంచిలో కూడా పెట్టండి. ఫోను చార్జింగు కూడా రోడ్డు మీదనే అయిపోతది.

ఈ పేజీ కత్తిరించి సంచి లోపల కుట్టుకోండి. సామాను వాడినప్పుడల్లా, ఇంటికి రాంగనే ఆ చోట మళ్ళీ కొత్తది పెట్టుకోండి. వచ్చే నెల వానాకాలంలో పాత బండి కరెంటు తడవకుండ ఏం చేయాలో రాస్త.