కీలెరిగి వాత

కీలెరిగి వాత పెట్టమన్నది మన పెద్దల మాట. నేడు దీనిని ఎదుటివాని బలహీనత కనిపెట్టి దెబ్బతీయడం అనే అర్థంలో వాడుతున్నాము. కాని ఈ సామెతకు మూలం వైద్యంలో ఉంది. నొప్పి చేరిన కీలు ఏదో, అందులో వాత పడవలసిన చోటు ఏదో తెలిసినవాడే కాల్చిన కడ్డీని చేతపట్టాలని దాని భావం. చోటు తప్పితే పాత నొప్పి పోదు సరికదా, కొత్త పుండు మిగులుతుంది. ఆక్యుపంక్చర్ అని మనం పిలిచే చైనా వైద్యాన్ని గూర్చి ఆలోచించినపుడెల్లా నాకు ఈ సామెతే స్ఫురిస్తుంది. చైనా భాషలో ఆ వైద్యం పేరుకు 'సూది, వాత' అనే అర్థం. సూది గుచ్చడంతోపాటు, మాచిపత్రి జాతి ఆకును ఎండబెట్టి నలిపి, కాల్చి, ఆ వేడిని శరీరానికి తగిలించడం కూడా అందులో భాగమే.

ముప్పై ఏళ్లు నిలబడి పాఠాలు చెప్పిన మోకాళ్లు మొరాయించగా, బంజారాహిల్స్‌లో ఒక మేడ మీద జరిగిన పది రోజుల ప్రాథమిక శిక్షణకు నేనూ వెళ్లాను. చికిత్సకు వెళ్లక శిక్షణకు వెళ్లడమేమిటని ఇంట్లోవారు నవ్వారు. ఫిలింనగర్ చేరువలోనే ఉండడం వలన, పోరాట దృశ్యాలలో దూకి దూకి నడుము నొప్పులు తెచ్చుకున్న కళాకారులు ముగ్గురు, నృత్యబృందంలో పనిచేసే యువతి ఒకరు మా తరగతిలో ఉన్నారు. మిగిలినవారు నావంటి నడివయస్కులే.

గోడకు నిలువెత్తు మనిషి పటం. దానిపై రంగురంగుల గీతలు, గీతల వెంట చుక్కలు. ప్రధాన మార్గాలు పన్నెండు, వీటికి తోడు శరీరం ముందువైపు నడుమ ఒకటి, వెనుకవైపు ఒకటి, వెరసి పద్నాలుగు. వాటి మీద 361 స్థానాలు. హృదయమార్గంలో తొమ్మిదే చుక్కలుండగా, మూత్రాశయమార్గంలో అరవై ఏడున్నాయి. ఒక్కొక్క స్థానానికి చైనా భాషలో ఒక పేరు, అంతర్జాతీయ వ్యవహారంలో ఒక సంఖ్య. బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డు, పన్నెండో నంబరు రోడ్డు అని చిరునామా చెప్పుకొనే మనకు ఇది కొత్త కాదు. జూబ్లీహిల్స్ ముప్పై ఆరో నంబరు రోడ్డు ఎంత ప్రసిద్ధమో, జీర్ణాశయమార్గంలో ముప్పై ఆరో స్థానం ఆ వైద్యంలో అంత ప్రసిద్ధం. అయితే రోడ్డు నంబరు తెలిసినంత మాత్రాన ఇల్లు తెలిసినట్లు కాదు.

సాహిత్య విద్యార్థిగా నన్ను ఆకట్టుకొన్నవి ఆ పేర్లు. మనం 'మెరిడియన్' అంటున్నది భూగోళశాస్త్రం నుంచి తెచ్చి తగిలించిన మాట. చైనా మూలంలో ఆ మార్గానికి 'జింగ్' అని పేరు. ఆ మాటకు మగ్గంపై నిలువుగా సాగే పడుగుదారమని అర్థం. ప్రామాణిక గ్రంథమనే అర్థం కూడా ఉంది. మన 'సూత్రం' అనే మాట దారాన్నీ శాస్త్రవాక్యాన్నీ చెప్పడం లేదా! బౌద్ధ సూత్రగ్రంథాలను అనువదించిన చైనా పండితులు వాడినదీ ఈ మాటనే. స్థానాన్ని చెప్పే 'షుయె' అనే పదానికి బిలమని అర్థం. పటం మీద చుక్క కనిపిస్తుంది గాని, ఒంటి మీద వెదకవలసింది గుంటను. మార్గాలలో ప్రవహించే ప్రాణశక్తి పేరు 'చీ' అని చెప్పగానే తరగతి అంతా నవ్వింది. మన చెవికి అది ఛీత్కారమే మరి!

ఆ గుంటను వెదకడానికి కొలబద్ద రోగి చేయే. అతని బొటనవేలి వెడల్పు ఒక అంగుళం, బొటనవేలు విడిచి తక్కిన నాలుగు వేళ్లు చేర్చిన వెడల్పు మూడంగుళాలు. మోకాటి చిప్పకు దిగువన, వెలుపలివైపున ఉన్న పల్లం నుంచి మూడంగుళాలు దిగి, ముంగాలి ఎముక అంచు నుంచి ఒక వేలెడు పక్కకు జరిగితే ఇందాకటి ముప్పై ఆరో స్థానం. పసివానికైనా మల్లునికైనా కొలత వాని వేళ్లతోనే. వినడానికి సులువే. నా మోకాలి కింద ఆ చోటు దొరకడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

క్రీ.శ. 1027 ప్రాంతంలో సుంగ్ చక్రవర్తి ఆస్థాన వైద్యుడు వాంగ్ వేయి నిలువెత్తు కంచు బొమ్మలు రెండు పోయించాడు. వాటి మీద స్థానాలకు రంధ్రాలు తొలిచి, పైన మైనం పూసి, లోపల ద్రవం నింపి, విద్యార్థి చేతికి సూది ఇచ్చేవారట. సరైన చోట గుచ్చితే ద్రవం చిమ్మేది, లేకుంటే పరీక్ష తప్పినట్లే. మనిషి ఒంటిని ముట్టకముందు కంచు బొమ్మ దగ్గర ఓడిపోవడానికి అవకాశమిచ్చిన ఆ గురువుల వివేకం నాకు నచ్చింది.

తరగతిలో ఒకాయన లేచి, ఇదంతా మన సుశ్రుతుడు చెప్పిన మర్మవిద్యేననీ, చైనావారు తీసుకుపోయారనీ అన్నారు. చప్పట్లు మోగాయి. నేను చేతులు కలపలేకపోయాను. సుశ్రుతసంహిత శారీరస్థానంలో 107 మర్మాలున్న మాట నిజం. వేలితో కొలిచే పద్ధతి అక్కడా ఉన్నది. కాని సుశ్రుతుడు వాటిని చెప్పింది శస్త్రం తగలకుండా కాపాడుకొమ్మని. తగిలితే వెంటనే ప్రాణం తీసేవి పందొమ్మిదని, అంగవైకల్యం తెచ్చేవి నలభై నాలుగని లెక్క కట్టాడు. కనుబొమల నడుమ ఉన్న 'స్థపని' అనే మర్మంలో బాణం దిగితే, దాన్ని పెరికినపుడు ప్రాణం పోతుందన్నాడు. సరిగ్గా అక్కడే చైనా వైద్యుడు మనసు కుదుటపడడానికి సూది నిలుపుతాడు. మర్మానికి మన తెలుగు మాట ఆయువుపట్టు. ఆయువుపట్టునూ చికిత్సాస్థానాన్నీ ఒకటిగా చెప్పడం ఇద్దరు పూర్వులకూ చేసే అన్యాయం. 1938లో చైనాకు వెళ్లిన భారతీయ వైద్యబృందంలో ఐదుగురున్నారు. వారిలో కోట్నిస్ అక్కడే 1942లో మరణించగా, ఆ కథను శాంతారామ్ 1946లో చలనచిత్రంగా తీశారు. అదే బృందంలోని డాక్టర్ బసు తరువాతి కాలంలో మళ్లీ చైనా వెళ్లి సూదివైద్యం అభ్యసించి, 1959లో దానిని మన దేశానికి తెచ్చారు. అప్పటికే వైద్యుడైన మనిషి శిష్యుడై కూర్చున్నాడు. అది మనదేనని అనలేదు.

ఇంతకూ ఈ మార్గాలు శరీరంలో ఉన్నాయా? కోసి చూసినవారికి కనబడలేదు. నడుము నొప్పితో బాధపడే 1,162 మందిపై జర్మనీలో జరిపి 2007లో ప్రకటించిన పరిశోధనలో, శాస్త్రోక్త స్థానాలలో సూదులు గుచ్చినవారిలో 47.6 శాతం మందికి, స్థానాలు కాని చోట్ల పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం మందికి మేలు కలిగింది. మందులు, వ్యాయామం వంటి మామూలు చికిత్స పొందినవారిలో అది 27.4 శాతమే. ఈ అంకెలు సూదివైద్యాన్ని నమ్మేవారినీ నిరాకరించేవారినీ సమానంగా ఇరుకున పెడతాయి. నాకు తోచినంతలో ఈ మార్గాలు నరాలవలె చూపదగిన వస్తువులు కావు. శరీరాన్ని గుర్తుపెట్టుకోవడానికి ప్రాచీనులు అల్లుకొన్న వ్యాకరణం. వ్యాకరణాన్ని శ్రద్ధగా నేర్వవచ్చు, ఆనందించవచ్చు. అది తెలిసినంతలో చికిత్సాధికారం మాత్రం రాదు.

పదో రోజున అందరికీ ప్రమాణపత్రాలు పంచారు. కంచు బొమ్మ లేదు, పరీక్ష లేదు. అంతకుముందే ఆ నృత్యకళాకారిణి సూదుల పెట్టె కొనుక్కొని, తోటివారి భుజాల నొప్పులు తానే పోగొడతానని సంతోషంగా చెప్పింది. "భుజం మీద సూది ఎంత లోతు దిగితే ఊపిరితిత్తి తగులుతుందమ్మా?" అని అడిగాను. ఆమె గురువుగారి వైపు చూసింది. ఆయన గడియారం చూసుకొన్నారు. అక్కడ లోతు తప్పితే ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి చేరుతుందనీ, ఇది వైద్యులు నమోదు చేసిన ప్రమాదమేననీ నేనే చెప్పవలసివచ్చింది. ఆ అమ్మాయి పెట్టె మూత వేసి, "అయితే ముందు ఎక్కడ నేర్చుకోవాలి మాస్టారూ?" అన్నది. శరీరనిర్మాణం చదివిన వైద్యుని దగ్గర అన్నాను.

నా ప్రమాణపత్రం బల్ల సొరుగులో ఉంది. సాయంత్రాలు కుర్చీలో కూర్చొని, నాలుగు వేళ్లు చేర్చి మోకాలి కింద కొలిచి, ఆ గుంటను బొటనవేలితో నొక్కుకొంటూ ఉంటాను. సూదులు మాత్రం నేను కొనలేదు.