ఉచిత సేవకు ఖర్చు ఎవరిది?

ఇంగ్లండులో కరెంట్ అకౌంట్ అంటే మన దేశంలోలా వ్యాపారస్తుల ఖాతా కాదు. జీతం పడేదీ, అద్దె పోయేదీ, గ్యాసు బిల్లు కట్టేదీ అందులోంచే. మామూలు ఖాతాకు నెలనెలా రుసుము ఉండదు. వచ్చిన కొత్తలో "ఎంత ధర్మాత్ములో!" అనుకున్నాను.

2005లో ఓ నెల జీతం రెండు రోజులు ఆలస్యమైంది. గ్యాసు బిల్లుకు పన్నెండు పౌండ్లు తక్కువైంది. బ్యాంకు బిల్లు కట్టలేదు సరికదా, ముప్పై పౌండ్ల పైచిలుకు వడ్డించింది. ఆ వడ్డనతో ఖాతా సున్నా కిందికి పోయింది. అందుకు మరో వడ్డన. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో ఆ నెల తెలిసింది.

ఇది నా ఒక్కడి గోడు కాదు. వేలాదిమంది తమ డబ్బు తిరిగిమ్మని బ్యాంకుల మీద పడ్డారు. ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ కోర్టుకెక్కింది. 2009 నవంబరులో సుప్రీంకోర్టు బ్యాంకుల వైపే మొగ్గింది. ఈ రుసుములు సేవ ధరలో భాగమట, కనుక ఆ చట్టం కింద ధర న్యాయమైనదా కాదా అని తూచడానికి వీల్లేదట!

చివరికి 2020 ఏప్రిల్‌లో ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ రోజువారీ, నెలవారీ రుసుములను రద్దు చేసింది. ఒకే వార్షిక వడ్డీ ఉండాలంది. అనుమతి లేని ఓవర్‌డ్రాఫ్టుకు ఎక్కువ గుంజకూడదంది. మంచి పనే. ఆ సంస్థ లెక్క ప్రకారమే 2016లో అనుమతి లేని ఓవర్‌డ్రాఫ్టు రుసుముల్లో సగానికి పైగా 1.5 శాతం ఖాతాదారులే కట్టారు.

మరి బ్యాంకులు ఊరుకున్నాయా? చాలా పెద్ద బ్యాంకులు వడ్డీని 40 శాతం దరిదాపులకు చేర్చాయి. ఆ రోజుల్లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ 0.1 శాతం! అనుమతి తీసుకుని, పద్ధతిగా 500 పౌండ్లు వాడుకునేవాడికీ ఆ లెక్కన నెలకు 14 పౌండ్లు. అనుమతి లేనివాడి భారం తగ్గింది, నిజమే. కానీ ఆ తగ్గిన భారం కొంత వెళ్ళి పడింది వాడి పక్కనున్న మరో అవసరస్తుడి నెత్తినే గాని, మిగులున్నవాడి మీద కాదు.

"చూసుకుని ఖర్చుపెట్టుకోవాలి" అంటారు మనలో స్థిరపడ్డ పెద్దమనుషులు. పార్ట్‌టైమ్ జీతం శుక్రవారం పడి, అద్దె గురువారమే పోయే విద్యార్థి ఏం చూసుకోవాలి? మన పిల్లలెందరో పరువుకు జడిసి ఇంటికీ చెప్పరు, బ్యాంకుకూ చెప్పరు. చెప్పండి నాయనా! పదే పదే ఓవర్‌డ్రాఫ్టులో పడేవారిని గుర్తించి సాయం చేయాలని బ్యాంకులకు నియమమే ఉంది.

ఇవాళ నా ఖాతాలో మిగులుంది. నెలకు రెండు మూడు పౌండ్లు రుసుము అడిగితే సంతోషంగా కడతాను. లేనివాడి జేబులోంచి వచ్చే ఉచితం మాత్రం నాకు వద్దు.