బోట్స్వానా: నిన్నటిదాకా వజ్రాలే బలం.. ఇప్పుడు వాటితోనే భయం!

దక్షిణాఫ్రికాకు ఉత్తరాన, సముద్రతీరమే లేని దేశం బోట్స్వానా. ఎక్కువ భాగం కలహారి ఎడారే. జనాభా దాదాపు 25 లక్షలు. 1966లో బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఇది నిరుపేద దేశం. మరుసటి ఏడాదే ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి. అంతే.. సీన్ మారిపోయింది! గనులు నడిపే డెబ్‌స్వానా కంపెనీలో సగం వాటా ప్రభుత్వానిదే. బడులు, ఆస్పత్రులు, రోడ్లు ఆ డబ్బుతోనే వచ్చాయి.

ఎగుమతుల్లో దాదాపు 80 శాతం వజ్రాలే. చిక్కంతా అక్కడే! ల్యాబ్‌లో తయారయ్యే చౌక వజ్రాలతో గని వజ్రాలకు గిరాకీ పడిపోయింది. ఖజానాకు గండి పడింది. ఉద్యోగాల్లేక యువతలో అసంతృప్తి పెరిగింది. ఆ సెగ 2024 ఎన్నికల్లో తగిలింది. 58 ఏళ్లు ఏలిన బీడీపీ ఓడింది. డూమా బోకో అధ్యక్షుడయ్యారు. వజ్రాలు కాకుండా మరో ఆదాయం చూపించడమే ఇప్పుడు ఆయనకు అసలు పరీక్ష.