రూములో పొట్లం దొరికితే సాక్షి ఎవరు?

మహబూలాలో బ్యాచిలర్ ఫ్లాటు ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా? ఉన్న రెండు రూముల్లో ఒకరి మీద ఒకరికి మంచాలు, ఒకరి పెట్టె మీద ఇంకొకరి బ్యాగు. అలాంటి చోట పోలీసులకి మత్తుమందు పొట్లం దొరికితే అది ఎవరిదనాలి? మంచం ఎవరిదైతే సరుకూ వాళ్లదేనా?

చిక్కంతా ఇక్కడే ఉంది. దొరికిందని చెప్పడానికి పోలీసులుంటారు. ఆ అన్నది కాదు సార్ అని చెప్పడానికి మనవాళ్లు ఒక్కరూ ఉండరు. రాత్రికి రాత్రే వేరే ఫ్లాటు చూసుకుంటారు. అకామా పోతుందని, కఫీలు ఇంటికి పంపేస్తాడని భయం. కొందరైతే తమ మీదికి రాకుండా ‘వాడిదే’ అనేస్తారు. భయంతో అన్న ఆ మాటే కాగితం మీదికెక్కి సాక్ష్యమైపోతుంది.

కువైట్‌లో కింది కోర్టు తర్వాత ఇస్తినాఫ్, ఆపైన తమ్యీజ్ ఉన్నాయి. అప్పీలులో వకీలు పట్టుకోవాల్సింది సాక్షి మాటనే. అతను కళ్లారా చూశాడా, ఎవరో చెబితే విన్నాడా? స్టేషన్‌లో చెప్పిందీ కోర్టులో చెప్పిందీ ఒకటేనా? అరబ్బీలో రాసిన వాంగ్మూలాన్ని అర్థమయ్యే భాషలో చదివి వినిపించారా?

పక్కనున్న ఖతార్‌లో జరిగింది చూడండి. 2019 జులైలో ముంబై దంపతులు దోహా ఎయిర్‌పోర్టులో నాలుగు కిలోల హషీష్‌తో దొరికారు. అది బంధువు ఇచ్చి పంపిన పొట్లం. పదేళ్ల శిక్ష పడింది, అప్పీలులోనూ అదే ఖాయమైంది. ఇంటి దగ్గర తండ్రి ఊరుకోలేదు. నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరోకి ఫిర్యాదు చేశాడు. వాళ్లకి తెలియకుండానే సరుకు పంపారని బ్యూరో దర్యాప్తులో తేలింది. పైకోర్టు కేసుని మళ్లీ విచారించమంది. 2021 మార్చిలో ఇద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు. అంటే సాక్ష్యం ఒక్కోసారి ఊళ్లోనే ఉంటుంది. పొట్లం ఇచ్చిందెవరు, ఏమని చెప్పి ఇచ్చారు అన్నది అక్కడివాళ్లకే తెలుసు.

గంజాయి అమ్మేవాళ్లని వెనకేసుకు రమ్మని మేము అనడం లేదు. 2025 డిసెంబరు నుంచి కువైట్‌లో కొత్త మాదకద్రవ్యాల చట్టం అమల్లో ఉంది, శిక్షలు చాలా కఠినం. అందుకే తప్పు చేయనివాడు ఇరుక్కుంటే నష్టం అంత పెద్దది. అప్పు తీర్చాల్సిన మనిషి జైల్లో ఉంటే ఇక్కడ పోయే జీతం కంటే ఊళ్లో పెరిగే వడ్డీయే ఎక్కువ.

కాబట్టి సోదరులారా, చూసింది చూసినట్టు, చూడనిది చూడలేదని చెప్పండి. అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టేముందు దుబాసీని అడగండి. ఎవరైనా అరెస్టయితే ఎంబసీకీ, ఇంటికీ ఆ రోజే ఫోన్ చేయండి. అప్పీలుకి గడువు తక్కువ, తీర్పు వచ్చిన రోజే వకీలుని కలవాలి. ఊరి నుంచి తెచ్చే పార్సిల్ పచ్చడైనా, మాత్రలైనా మీ చేత్తో విప్పి చూశాకే బ్యాగులో పెట్టుకోండి. ఇచ్చినాయన నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.