మార్చి డివిడెండ్‌కు జనవరిలోనే లెక్క

హనుమకొండ, కాజీపేటల్లో విశ్రాంత అధ్యాపకుల, వైద్యుల, రైల్వే అధికారుల కుటుంబాలు చాలా ఉన్నాయి. పింఛను, బ్యాంకు వడ్డీ కలిసి ఏడాది ఆదాయం రూ.12 లక్షల అంచుకు చేరిన ఇళ్లకు మార్చిలో మ్యూచువల్ ఫండ్ నుంచి డివిడెండ్ వస్తే సంతోషమే. కానీ ఆ సొమ్మంతా పన్నుకే పోయే ప్రమాదం ఉందని వారికి ముందుగా చెప్పేవారు తక్కువ.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో, పన్ను లెక్కకు వచ్చే ఆదాయం రూ.12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను ఉండదు. స్టాండర్డ్ డిడక్షన్ పోను సరిగ్గా అంతే ఆదాయమున్న విశ్రాంత ప్రొఫెసర్‌కు మార్చి 20న రూ.40 వేల డివిడెండ్ వచ్చిందనుకుందాం. స్లాబుల ప్రకారం పన్ను రూ.66 వేలు. మార్జినల్ రిలీఫ్ దాన్ని పన్నెండు లక్షలకు పైబడిన మొత్తానికి, అంటే రూ.40 వేలకు తగ్గిస్తుంది. దానిపై 4 శాతం సెస్సు రూ.1,600. వచ్చింది నలభై వేలు, కట్టాల్సింది రూ.41,600! ఆదాయం సుమారు రూ.12.70 లక్షలకు చేరేదాకా ఇదే పరిస్థితి.

టీడీఎస్ వల్ల ఈ సంగతి వెంటనే తెలియదు. ఏడాదికి రూ.10 వేలు దాటిన డివిడెండ్‌పై ఫండ్ సంస్థ 10 శాతం కోస్తుంది. నాలుగు వేలు పట్టుకున్నారు కాబట్టి పన్ను అయిపోయిందనుకుంటారు. మిగిలిన రూ.37,600 రిటర్ను వేసేటప్పుడు బయటపడుతుంది. డివిడెండ్‌ను చేతికి తీసుకోకుండా తిరిగి యూనిట్లలో పెట్టినా పన్ను తప్పదు.

2020 మార్చి దాకా ఈ పన్ను ఫండ్ సంస్థే కట్టేది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి భారం మదుపరిపై పడింది. పాత రోజుల్లో డివిడెండ్ ఆప్షన్ ఎంచుకున్నవారు చాలామంది దాన్ని మళ్లీ చూసుకోలేదు. నిజానికి ఇందులో అదనంగా దక్కేదేమీ లేదు. యాభై రూపాయల యూనిట్‌పై మూడు రూపాయలు పంచితే ఆ మేరకు యూనిట్ విలువ పడిపోతుంది. మన ఆస్తిలోంచే తీసి మనకిచ్చి, దాన్ని ఆదాయంగా లెక్కగడతారు. పింఛనుదారులకు ఈ ఆప్షన్ అంటగట్టడం తగదని నా అభిప్రాయం.

అమెరికాలో స్థిరపడిన వరంగల్ పిల్లలకూ ఈ బెడద ఉంది. అక్కడి ఫండ్లు ఏడాదిలో వచ్చిన లాభాలను సాధారణంగా డిసెంబరులో పంచుతాయి. 2020 డిసెంబరులో అక్కడి ఫండ్ సంస్థ వాన్‌గార్డ్ తన టార్గెట్ రిటైర్మెంట్ ఫండ్లలో సంస్థల విభాగానికి కనీస పెట్టుబడిని 10 కోట్ల డాలర్ల నుంచి 50 లక్షల డాలర్లకు తగ్గించింది. పెద్ద పెన్షన్ ప్లాన్లు అటు మారడంతో సామాన్యుల ఫండ్లు ఆస్తులు అమ్మాల్సి వచ్చింది. యూనిట్ ఒక్కటీ అమ్మని మదుపరులపై 2021లో భారీ పన్ను పడింది. పన్ను వాయిదా ఉండే 401కే రిటైర్మెంట్ ఖాతాదారులు తప్పించుకున్నారు. ఈ వ్యవహారంలో వాన్‌గార్డ్ 10.64 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుందని అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ 2025 జనవరిలో ప్రకటించింది.

మన దగ్గర డివిడెండ్ ప్రకటనకూ రికార్డు తేదీకీ మధ్య దొరికేది రెండు పని దినాలే. అందుకే జనవరిలోనే ఖాతా స్టేట్‌మెంట్ తీసి, ఏ పథకం ఏ ఆప్షన్‌లో ఉందో, గత మార్చిలో ఎంత పంచిందో చూడాలి. డివిడెండ్ పంచని గ్రోత్ ఆప్షన్‌కు మారి, అవసరమైనప్పుడు కొన్ని యూనిట్లు అమ్ముకుంటే వచ్చిన సొమ్ములో లాభం భాగమే ఆదాయమవుతుంది, తేదీ కూడా మన చేతిలో ఉంటుంది. అయితే మారడాన్నీ అమ్మకంగానే పరిగణిస్తారు. ఏడాదికి మించి ఉంచిన ఈక్విటీ యూనిట్లపై రూ.1.25 లక్షలు దాటిన లాభానికి 12.5 శాతం పన్ను. ఆదాయం అంచున ఉన్న ఏడాది కాకుండా, ఆడిటర్‌తో లెక్క చూయించుకుని ఏప్రిల్ వచ్చాక మారడం మేలు.

అరవై నిండి, వ్యాపార, వృత్తి ఆదాయం లేనివారు ముందస్తు పన్ను కట్టనక్కర్లేదు. ప్రాక్టీసులో ఉన్న డాక్టరుకో, వ్యాపారికో మార్చి 15 తర్వాత డివిడెండ్ వస్తే, దానిపై పన్ను 31లోగా కట్టేస్తే మార్చి 15 ముందస్తు పన్ను వాయిదా లోటుకు వడ్డీ పడదు.