గణవిభజన వచ్చినవాడికి ఫ్రెంచి అంటే భయమెందుకు?

ఫ్రెంచి పేరెత్తగానే మన హాస్టల్ తమ్ముళ్లు "అది కాన్వెంటు పిల్లల చదువన్నా, మనకు నోరు తిరగదు" అంటారు. పీజీ చదువుతూ సాయంత్రం ఫ్రెంచి క్లాసులకు వెళ్లేదాకా నేనూ అదే అనుకున్నాను. ఆ మాట తప్పని ఇప్పుడు నా అభిప్రాయం.

పదో తరగతిలో పద్యానికి గణవిభజన చేశాం కదా! పదం ఎక్కడ ముగిసిందో చూడం, అక్షరాలు లెక్కపెట్టి కోస్తాం. ఫ్రెంచి పలుకూ అంతే. 'ఇల్ అరీవ్' అంటే అతడు వస్తున్నాడని. నోట్లో అది 'ఇ-లా-రీవ్'. 'లె', 'అమి' కలిస్తే 'లె-జా-మి', అంటే స్నేహితులు. విడిగా ఉన్నప్పుడు పలకని 'ఎస్' అచ్చు ముందు 'జ'గా లేస్తుంది. సంధులు చదివినవాడికి ఇదేం వింత?

రెండు అచ్చుల మధ్య ఒక్క హల్లుంటే అది రెండో అచ్చుతో పోతుంది: 'ఆ-ని-మాల్'. రెండుంటే చెరొకటి: 'పార్-తీర్'. 'పుస్తకం'లో 'పు' గురువు ఎందుకైంది? చెవికి అది 'పుస్-త-కం' కనుక. 'బ్ల', 'ప్ర', 'త్ర' వంటి జంటలను మాత్రం విడదీయరు: 'తా-బ్లో'.

నేను దెబ్బతిన్నది ఊనిక దగ్గర. 'ఆనిమాల్'ను ఇంగ్లీషు అలవాటు కొద్దీ మొదటి అక్షరం మీద గట్టిగా కొట్టి మిగతావి మింగేశాను. క్లాసంతా నవ్వింది. ఇంగ్లీషులో 'రికార్డ్' నామవాచకమైతే ఊనిక ముందు, క్రియ అయితే చివర. మాటమాటకూ గుర్తుపెట్టుకోవాలి. ఫ్రెంచిలో ఆ బాధ లేదు. అక్షరాలు దాదాపు సమానంగా నడుస్తాయి, చివరిది కాస్త సాగుతుంది. అదీ ప్రతి మాట చివరా కాదు, ఒక్క ఊపున పలికే మాటల గుంపు చివర. 'ఊనివెర్సితే' అంటే 'తే' సాగుతుంది. 'ఊనివెర్సితే మొదెర్న్' అంటే 'దెర్న్' సాగుతుంది. రాతలో చివరనుండే మూగ 'ఈ' అక్షరానికి ఊనిక ఉండదు.

మన ఇంగ్లీషులో అక్షరాలన్నీ ఒకే బరువుతో పడతాయని వెక్కిరిస్తారే, ఆ నడకే ఇక్కడ పనికొస్తుంది! ముక్కుతో పలికే అచ్చులూ, గొంతులోంచి వచ్చే 'ర' మాత్రం కష్టమే. నాకింకా పూర్తిగా పట్టుబడలేదు.

ఇంటర్‌లో మార్కుల కోసం ఫ్రెంచి తీసుకుని, ఏడాదంతా నోరు తెరవకుండా బట్టీ పట్టినవాళ్లను చూశాను. మొదటి నెల పుస్తకం మూయించి, చప్పట్లు కొడుతూ అక్షరాలు విడగొట్టించాలి. వార్షికోత్సవం మర్నాడు ఇక్కడే ఉంటాను. ఆసక్తి ఉన్నవాళ్లు పదో తరగతి తెలుగు నోట్సు పట్టుకుని రండి.