ఇంటి సంగతులు: రూపాయి బిళ్లయు, రికార్డు ముల్లును



పాత పాటల రికార్డులను మరల అటకమీదినుండి దింపుకొను ఇండ్లు నేడు పెక్కు కలవు. కాని ముల్లు ఒకమారు ఎగిరిపడినంతనే "రికార్డు చెడినది" అని వాటిని మరల అటక కెక్కించుచున్నారు. నేరము పలుమారు రికార్డుది కాదు.

తార్నాకలో మా యింట జరిగినదే చెప్పెదను. మా అత్తగారికి ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పద్యముల రికార్డు ప్రాణము. అది మామగారు కొనితెచ్చినది. ఆయన పోయిన పిదప ప్రతి శుక్రవారము సాయంకాలము ఆమె దానిని వినుచుందురు. గత వేసవిలో ఒకే పద్యపాదము మరల మరల రాసాగెను. మావారు బడిలో పిల్లలకు తూకములు నేర్పువారే; అయినను ముల్లు బిగించిన తలపై ఒక రూపాయి బిళ్ల నుంచిరి. పాట సాగినది. అందరమును సంతసించితిమి.

ఉస్మానియా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదువు మా మేనకోడలు, ఆవరణలోని వసతిగృహమునుండి ఒక ఆదివారము మా యింటికి వచ్చినది. చూచిన వెంటనే "అత్తమ్మా, ఈ బిళ్ల ఎవరు పెట్టారు?" అని తీసివైచినది. ఆ రూపాయి బిళ్ల నాలుగు గ్రాములకు చేరువ. మా యంత్రమున ముల్లు మోపవలసిన బరువు 2 గ్రాములే. దాదాపు మూడింతల బరువుతో వజ్రపుమొన మెత్తని గాడిని దున్నుచుండెనన్న మాట!

ఆమె చేసిన పనులివి. రసమట్టము పెట్టి చూడగా బల్ల ఒక ప్రక్కకు ఒరిగియుండెను. కాలిక్రింద అట్టముక్క నుంచి సరిచేసినది. ముల్లుకు దూదిపింజవలె దుమ్ము పట్టియుండెను. మా వీధి దుమ్ము సంగతి తార్నాకవారికి చెప్పనక్కరలేదు. దానిని మెత్తని కుంచెతో వెనుకనుండి ముందునకు మాత్రమే తుడిచినది. ప్రక్కలకు తుడిచినచో ముల్లు విరుగవచ్చును. పిదప చేయివెనుకనున్న బరువును త్రిప్పి, చేయి త్రాసుకోలవలె తేలి నిలుచునట్లు చేసి, అంకెను సున్నకు తెచ్చి, తయారుచేసినవారు చెప్పిన 2 గ్రాములకు త్రిప్పినది. బిళ్ల లేకయే పాట సాగినది.

తక్కిన చిక్కులకు ఉపాయములు: పాట సాగదీసినట్లున్నచో మొదట వేగపుమీటను చూడుడు. నిమిషమునకు పెద్ద రికార్డులకు 33⅓, చిన్నవాటికి 45, పాత లక్క రికార్డులకు 78 చుట్లు. మీట సరిగానున్నను నడక తప్పినచో రబ్బరు బెల్టు సాగియుండవచ్చును, మార్పించుడు. పాటవెనుక ఎడతెగని రొద వినబడినచో ఎర్తు తీగ ఊడినదేమో చూడుడు. లక్క రికార్డును స్పిరిటుతో తుడువరాదు, లక్క కరగును. దానికి వెడల్పైన ముల్లు వేరుగా వలయును. ఏ రికార్డునైనను ఎండ తగులనిచోట నిలువుగా పేర్చుడు; ఎండకు వంగును.

మా రికార్డున బిళ్ల తిరిగిన రెండు పద్యములలో గరగర నేటికిని కలదు. అత్తగారు ఏమియు ననలేదు. ఆ చోటు వచ్చినపుడు మావారు మాత్రము లేచి వసారాలోనికి పోవుదురు. ముల్లు అరిగినచో అంగడిలో క్రొత్తది దొరకును; గాడి అరిగినచో ఎచ్చటను దొరకదు. కావున బిళ్లకై చేయి చాచుటకు ముందు బల్లను చూడుడు, దుమ్మును చూడుడు.